గాజుతొట్టి సాక్ష్యం

జూన్ 4

బామ్మర్దీ,

ఉత్తరం చూడగానే "బావకేమైంది, కలం పట్టాడు" అని హడలిపోకు. అందరం బాగానే ఉన్నాం. ఫోను మనిషి మెడకి పలుపుతాడని కరపత్రం అచ్చేసి, ఆ ఊపులో నీ ఫోను కూడా అమ్మేసుకున్న మహానుభావుడివి. నీతో మాట్లాడాలంటే నాలాంటివాడు కూడా స్టాంపులు అతికించాల్సిందే. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నువ్వు ప్రెస్సులో అక్షరాలతో కాపురం చేసేవాడివి, నేను పంపులతో చేసేవాణ్ణి.

విషయం ఇది. మా అద్దకం కార్ఖానా నీళ్ళ మీద కింది వీధివాళ్ళు మళ్ళీ గొడవ మొదలుపెట్టారు. వాగు రంగు మారిందట, ఒళ్ళు దురద పెడుతోందట. రెండేళ్ళుగా నీళ్ళు శుద్ధిచేసే యూనిట్ నడుపుతున్నది నేనే కదా. ఒట్టేసి చెప్తున్నా, నా గొట్టంలోంచి వాగులోకి పోయే నీళ్ళు మంచివే. కాస్త ఉప్పదనం ఉంటుంది, అంతే. రోజూ గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూసుకుంటా. కానీ నా మాట ఎవడికి కావాలి?

యజమానికి ఒక ఆలోచన వచ్చింది. ముందు హాల్లో గాజుతొట్టి పెట్టి, మా శుద్ధి నీళ్ళే పోసి, మొక్కలు నాటి, చేపలు వదలాలి. నెలాఖరుకి తనిఖీవాళ్ళూ, కింది వీధి పెద్దలూ వస్తారు. చేపలు హాయిగా ఈదుతుంటే అందరి నోళ్ళూ మూతపడతాయి. చచ్చాయో, యూనిట్ మూత, దాంతోపాటు నేనూ. "ఆ తొట్టిలో ఈదేది నీ ఉద్యోగమే అనుకో" అన్నాడు నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్నవే జరుగుతాయి.

ఖర్చు మాత్రం పెట్టనంటాడు. బజార్లో చేపల దుకాణానికి వెళ్తే వాడు మొక్కలకి గ్యాసు సిలిండరట, నీళ్ళకి చల్లబరిచే మిషనట, నా పెళ్ళికి కూడా అంత సామాను కొనలేదు. నువ్వు ప్రెస్సు గదిలో పాత జాడీల్లో, ఎవరో పారేసిన తొట్లలో మొక్కలూ గప్పీ చేపలూ పెంచుతావు కదా. అ ఆల దగ్గర్నుంచి చెప్పు. నాకేమీ రాదనుకునే చెప్పు.

మా పెళ్ళి విందులో విందులకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు మీ అక్కకి నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఈ ఉత్తరం రాస్తుంటే భుజం మీంచి తొంగిచూసి, "వాడి గప్పీలు ఎలా ఉన్నాయో కనుక్కో" అంది.

నీ బావ

*

జూన్ 9

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకాస్త వచ్చింది. మనిషి చెప్పిన మాటకి విలువ లేదు, చేప ఈదితే విలువ! నీ యజమాని లోకం ఎలాంటిదో ఆ ఒక్క ముక్కలో ఉంది.

అయినా చెప్తాను. ఆయన కోసం కాదు. మొక్కలూ చేపలూ డబ్బున్నవాళ్ళ హాళ్ళకే రాసిపెట్టినవి కావని రుజువు చెయ్యడం కోసం. నీ దుకాణంవాడు చూపించిన సిలిండర్లూ మిషన్లూ అన్నీ భయపెట్టి అమ్మే సరుకు. రాసుకో.

తొట్టి కొత్తది కొనకు. ఎవరింట్లోనో అటక మీద పడున్నది ఉంటుంది. నీళ్ళు నింపి కింద పాత కాగితాలు పరిచి ఒక రాత్రి వదిలెయ్. కాగితం తడిస్తే ఎక్కడ కారుతోందో నీకే తెలుస్తుంది. అడుగున తోటమట్టి జల్లించి, ఎరువు లేనిది, వేలెడు మందాన పరుచు. దానిమీద సన్న గులకరాళ్ళు. నీళ్ళు పోసేటప్పుడు ఒక పళ్ళెం పెట్టి దానిమీద పొయ్యి, లేకపోతే మట్టంతా లేచి తొట్టి కాస్తా కాఫీ అవుతుంది. ఎండ నేరుగా పడేచోట పెట్టకు, నాచు పట్టి పచ్చగా అయిపోతుంది. మామూలు తెల్ల బల్బు టేబుల్ లైటు పైన పెడితే చాలు, పగలంతా వెలిగించి సాయంత్రం ఆర్పెయ్. మొక్కలు కూడా కొనకు. తొట్లున్నవాళ్ళు నెలనెలా కత్తిరించి చెత్తలో పారేస్తారు, వెళ్ళి అడుగు. రిబ్బన్లలా పొడుగాకులుండేవి నాటు, నక్కతోకలా గుబురుగా ఉండేది పైన తేలేలా వదిలెయ్. మొదటిరోజే దట్టంగా నాటు, పిసినారితనం చెయ్యకు.

ముఖ్యమైనది శుభ్రత. గులకరాళ్ళని సలసల మరిగే నీళ్ళతో కడుగు. మట్టిని పెనం మీద వేయించు. గాజు అద్దంలా మెరవాలి. నీళ్ళు మసకబారితే మొహమాటపడకు, మొత్తం తోడేసి కొత్తవి పొయ్యి. మురికితో రాజీపడినవాడు దేనితోనైనా రాజీపడతాడు. మొక్కలు నిలదొక్కుకున్నాయనిపిస్తే చేపల్ని వదిలెయ్. గప్పీలు ఉప్పు తట్టుకుంటాయి, వాటినే తే.

ఒకే ఒక్క షరతు. ఆ తొట్టిలో నీ గొట్టం నీళ్ళే పొయ్యాలి. చేపలు బతకాలని దొంగచాటుగా కుళాయి నీళ్ళు కలిపావో, నువ్వు నాకు బావవి కాదు. కుళాయి నీళ్ళకి వేరే లెక్కుంది, మందు వాసన పోయేదాకా ఒక రాత్రి తెరిచి పెట్టాలి, అది నీకు అనవసరం.

గప్పీలు దివ్యంగా ఉన్నాయని అక్కకి చెప్పు. కోపం ఉంచుకొమ్మను, మంచిదే, కానీ నామీద వృథా చెయ్యద్దను.

నీ బామ్మర్ది

*

జూన్ 20

కరపత్రం గారూ,

(కార్ఖానాలో నీకు స్థిరపడిన పేరు ఇదే. మా గేటు కాపలా ఆయన పెట్టాడు.)

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. పాతసామాను కొట్లో తొట్టి దొరికింది. కారలేదు. మట్టి వేయిస్తుంటే ఇల్లంతా కమ్మటి వాసన, పక్కింటావిడ తలుపు కొట్టి "ఏం వండుతున్నారు?" అని అడిగింది. "మట్టి" అన్నాను. ఆవిడ వెళ్ళి తన తలుపు గడియ పెట్టుకుంది. రాళ్ళు మూడు వాయిలు మరగబెట్టాను. తొట్టిని ఎంత తోమానంటే ముందు హాల్లో కూర్చునే అమ్మాయి, "సార్, గాజు ఉందా అసలు?" అని వేలుపెట్టి చూసింది. మొక్కలు నాటి, లైటు వెలిగించేసరికి హాలు హాలంతా వేరే ఇల్లులా అయిపోయింది. యజమాని వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. నీళ్ళు కాస్త మసకేశాయి, తోడేసి కొత్తవి పోశాను. మళ్ళీ మసకేశాయి, మళ్ళీ పోశాను.

నాలుగు రోజుల కిందట చేపల్ని వదిలాను. రంగురంగుల తోకలు. మడతల సెక్షన్లో పనిచేసే ఆడవాళ్ళందరూ, మీ అక్కతో సహా, భోజనాల వేళ వచ్చి చూసిపోయారు.

నిన్న పొద్దున వెళ్ళేసరికి అన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. మొప్పలు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ పక్కకి ఒరిగి ఆకుల మధ్యకి జారిపోయింది. హాలు తెరిచే వేళకి ఒక్కటి మిగల్లేదు. ఎవరూ రాకముందే గరిటెతో తీసేసి, తొట్టిమీద గుడ్డ కప్పేశాను.

నాకేమీ అర్థం కావట్లేదు. నీళ్ళు రోజూలాగే ఉన్నాయి. ఒక్కటే తేడా, ఈ వారం కార్ఖానాలో కొత్త ఎరుపురంగు మొదలుపెట్టారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు. గట్టిగా చెప్పలేను. నెలాఖరు ముంచుకొస్తోంది. ఎక్కడ తప్పు జరిగిందో వెంటనే రాయి. ఈ సంగతి మీ అక్కకీ నీకూ తప్ప మూడో మనిషికి తెలీదు, తెలియనివ్వకు.

నీ బావ

*

జూన్ 24

బావా,

ఎక్కడ తప్పు జరిగిందని నన్నడుగుతావా? నీ ఉత్తరంలో నువ్వే రాశావు. కొత్త ఎరుపురంగు. ఎర్రబడ్డ మొప్పలు. ఇంకా దాన్ని నా నోటితో చెప్పించాలా?

రెండేళ్ళుగా కింది వీధివాళ్ళు ఒళ్ళు గోక్కుంటూ అరుస్తుంటే వాళ్ళది అబద్ధం అన్నారు. ఇప్పుడు చేపలు చెప్పాయి. వాటికి జీతం లేదు, యజమాని లేడు, పెళ్ళాంబిడ్డలు లేరు. అందుకే నిజం చెప్పాయి. నువ్వేం చేశావు? గరిటెతో తీసేశావు! సాక్షుల్ని గరిటెతో తీసేసి "తెలియనివ్వకు" అని నాకు రాస్తున్నావు. బావా, నిన్ను నేను మంచివాడనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, అందుకే ఒళ్ళు మండుతోంది. మంచివాళ్ళు గ్లాసులో నీళ్ళు పట్టి వెలుతురుకి చూసుకుని తృప్తిపడుతుంటే, ఆ వెనకాల నుంచి విషం పారుతుంది.

నేను ఆగలేను. నీ ఉత్తరం చదివిన రాత్రే అక్షరాలు కూర్చాను. చేపలు ఎలా చచ్చాయో నీ మాటల్లోనే పెట్టాను, నేను అంతకంటే బాగా రాయలేను. కింద నీ ఊసు లేదు, భయపడకు. "ఒక ప్రత్యక్షసాక్షి" అని మాత్రమే వేశాను. మా పఠనమండలి మిత్రుడు ఎల్లుండి కట్టలు తీసుకుని మీ ఊరొస్తాడు.

ఇప్పుడైనా గేటు దగ్గర నిలబడి నిజం చెప్పు. నీ వెనక నేనుంటాను.

నీ బామ్మర్ది

*

జూన్ 25

బామ్మర్దీ,

నీ జవాబు ఇంకా అందలేదు, అయినా ఆగలేక రాస్తున్నా. గుండె కాస్త కుదుటపడింది.

మీ అక్క ఏం చేసిందో తెలుసా? నాకు చెప్పకుండా నీ ఉత్తరం తీసి, వంటింటి కిటికీలో పెద్ద గాజు జాడీలో సరిగ్గా అలాంటిదే పెట్టింది. మట్టి వేయించినప్పుడు సగం దాచుకుందట. కుళాయి నీళ్ళు ఒక రాత్రి తెరిచిపెట్టి, "మా తమ్ముడు రాసింది పొల్లుపోకుండా" చేసిందట. నేను అడిగితే మొహం పక్కకి తిప్పుకుని, "వాడు పెంచేవి నేనూ పెంచకూడదా ఏం?" అంది. నీమీద కోపం ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది?

అసలు సంగతి విను. ఆవిడ గప్పీలు కూడా చచ్చిపోయాయి. అచ్చం అలాగే. పైకొచ్చి గుటకలు, ఎర్రటి మొప్పలు, ఒరగడం. ఆ జాడీలో మా కార్ఖానా నీటిబొట్టు ఒక్కటి కూడా లేదు!

మీ అక్క జాడీ ముందు కూర్చుని ఏడ్చింది. నేను మాత్రం, సిగ్గులేకుండా చెప్తున్నా, సంతోషంతో గంతేశాను. "చేపలు చస్తే నవ్వుతావేంటి మనిషీ!" అని తిట్టింది. తప్పు నా నీళ్ళలో లేదు. మేం చేసినదాంట్లోనో, నువ్వు చెప్పినదాంట్లోనో ఏదో లోటుంది. నీ జాడీల్లో అవి ఏళ్ళతరబడి బతుకుతున్నాయి కదా, నువ్వు చేసేదీ మాకు చెప్పనిదీ ఏమిటి? బాగా ఆలోచించు. యజమానిని బతిమాలి తనిఖీ వాయిదా వేయించే ప్రయత్నంలో ఉన్నాను. అంతవరకూ ఎవరితోనూ ఏమీ అనకు.

నీ బావ

*

జూన్ 29

బావా,

నీ ఇరవై అయిదో తారీఖు ఉత్తరం అందింది. నమ్మను.

కరపత్రాలు అచ్చయ్యాక అక్క జాడీ పుట్టిందా? ఎంత చక్కగా అమరింది! వంటింట్లో అచ్చం అలాంటి తొట్టి, అచ్చం అలాంటి చావు. ఈ కథ నీ యజమాని చెప్పి రాయించాడా, లేక ఉద్యోగం కోసం నువ్వే అల్లావా? అక్కని ఇందులోకి లాగడం నీకు తగని పని. నా జాడీల్లో చేపలు బతుకుతున్నాయంటే కారణం ఒక్కటే, వాటిలో విషం లేదు.

వాయిదా వేయించుకో. నిజానికి వాయిదా ఉండదు.

బామ్మర్ది

*

జూలై 2

కంపోజిటరు గారికి,

మీ ఉత్తరాలు రెండూ అందాయి. మీ కరపత్రం అంతకుముందే అందింది. మీరు రెండో ఉత్తరం రాసేనాటికే ఇక్కడ అయిపోయింది, అందుకని జరిగింది వరుసగా రాస్తాను. అచ్చువేసుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

కింది వీధిలో ఒకతను కరపత్రం గట్టిగా చదివి వినిపించాడట. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి వీధంతా గేటు దగ్గరుంది. బట్టలుతికే పెద్దావిడ ఒకావిడ, చేతులనిండా పొక్కులు, కాపలా ఆయన్ని తోసుకుని హాల్లోకి వచ్చింది. "మా పిల్లల ఒళ్ళు చూడండ్రా!" అని రాయి విసిరింది. తొట్టి పగిలింది. మొక్కలూ మట్టీ నేలమీద. వాటిని చూసి మీ అక్కకి ఏమైందో, అంత జనంలోంచి దూరి, వంగి మొక్కల్ని ఏరసాగింది. అరచెయ్యి గాజుకి తెగింది. కుట్లు పడ్డాయి. ఆ చేత్తో ఆవిడ బట్టలు మడతపెట్టి సంపాదిస్తుంది.

"మొప్పలు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి." ఈ వాక్యం యజమాని నా మొహాన చదివాడు. "చేపల్ని తీసేసినప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు. ఇది ఇంకెవడు రాస్తాడు?" అన్నాడు. నేను అబద్ధం ఆడలేదు. ఆ సాయంత్రమే గేటు బయట ఉన్నాను. బయట నిలబడ్డ జనం నన్ను చూసి "విషం వదిలేవాడు వీడే" అన్నారు. నా వెనక మీరుంటానన్నారు. తిరిగి చూశాను.

ఇంకొక్కటి. నేను పోయాక యూనిట్ నడిపేవాళ్ళు లేరు. పంపులు ఆపేసి నీళ్ళని పక్క కాలవలోంచి నేరుగా వదులుతున్నారు. నిన్నటినుంచి వాగు నిజంగానే ఎర్రగా పారుతోంది. మీ కరపత్రం ఇప్పుడు నిజమైంది. అభినందనలు.

జవాబు రాయనక్కర్లేదు.

ఇట్లు,
మీ అక్క భర్త

*

జూలై 12

బావా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చించేసినా సరే.

నీ ఉత్తరం చదివి మొదట మళ్ళీ కోపమే వచ్చింది. అక్క చెయ్యి నేను కోశానా, యజమాని కోశాడా అని ఇక్కడ గదిలో ఒంటరిగా అరిచాను. తరవాత, నిన్ను అబద్ధాలకోరని తేల్చెయ్యడానికే, ఒక పని మొదలుపెట్టాను. నా జాడీ ఒకటి ఖాళీ చేసి నీకు చెప్పింది చెప్పినట్టు చేశాను. రాళ్ళు మరగబెట్టాను. మట్టి వేయించాను. గాజు తోమాను. మసకబారితే నీళ్ళు మార్చాను. నా పాత తొట్టిలోంచే, ఏళ్ళుగా నా కళ్ళముందు పుట్టి పెరిగిన గప్పీల్లోంచి కొన్ని తీసి అందులో వదిలాను.

మూడో రోజు అవి పైకొచ్చాయి బావా. నోళ్ళు తెరిచాయి.

వెంటనే పట్టి పాత తొట్టిలో వేశాను. సగం బతికాయి. రంగు లేదు, కార్ఖానా లేదు, యజమాని లేడు. నేనూ, నా శుభ్రతా ఉన్నాం.

అప్పుడు పాత తొట్టి ముందు కూర్చుని మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. అది నేను పెట్టింది కాదు. నాకంటే ముందు ఈ గదిలో ఉన్న, పుస్తకాలు కుట్టే బైండరు పని మానేసి పోతూ, మడ్డితో సహా నింపినదాన్ని నింపినట్టు వదిలిపోయాడు. తక్కిన జాడీలన్నీ దాంట్లోంచి పిడికెడు మడ్డీ కాసిని మొక్కలూ తీసి పెట్టినవే. ఒక్క తొట్టి కూడా నేను మొదట్నుంచి మొదలుపెట్టలేదు. చేపలు వదిలే మలినాన్ని ఆ మడ్డిలో ఉండే కంటికి కనపడని జీవమే తిని నీళ్ళని నిలబెడుతోంది. అది పెరగడానికి వారాలు పడుతుంది. ఈ ముక్క నా దగ్గరున్న చిన్న పుస్తకంలోనే ఉంది, చేపల వ్యాపారం మీద మండిపడే పేజీలు చదివి మిగతావి తిప్పేశాను. నేను నీచేత ఆ జీవాన్ని వేయించి, మరగబెట్టి, మిగిలినదాన్ని నీళ్ళు మార్చి పారబోయించాను. చేపల్ని చంపింది నా ఉత్తరం.

నిన్న మండలిలో ఇదంతా చెప్పి, తప్పు ఒప్పుకుంటూ ఇంకో కరపత్రం వేస్తానన్నాను. పెద్ద రభస అయింది. "వాగు ఎర్రగా పారుతోందా లేదా? మరి నువ్వు వెనక్కి తీసుకునేదేముంది?" అన్నారు. "నీ పశ్చాత్తాపం యజమానికి కానుక" అన్నాడు మీ ఊరికి కట్టలు తెచ్చిన మిత్రుడు. వాగు ఎర్రబడింది నా అబద్ధం వల్లే అని అరిచి బయటికొచ్చేశాను. ఇప్పుడు ఏం రాసినా ఎవడో ఒకడు ఆయుధం చేసుకుంటాడు. రాయకపోతే నువ్వు విషం వదిలేవాడివిగానే మిగిలిపోతావు. ఏం చెయ్యమంటావో చెప్పు. ఈసారి నువ్వు చెప్పేదాకా ఒక్క అక్షరం కూర్చను.

అక్క చెయ్యి ఎలా ఉంది?

నీ అని రాసే హక్కు లేదు

*

జూలై 15

ఒరే,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. గప్పీలు పైకొచ్చాయన్న చోట ఆపమంది. లేచి లోపలికి పోయింది. కుట్లు విప్పారు, వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవట్లేదు. నిన్ను క్షమించిందా అని నన్నడక్కు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నా సంగతంటావా, నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి. ఆ తరవాత టీ ఇప్పించేవాణ్ణి.

నిన్న యజమాని కబురు పెట్టాడు. "ముందు రాసింది అబద్ధం, ఈ కార్ఖానా నీళ్ళు స్వచ్ఛమైనవి" అని నీచేత ఒక్క ముక్క రాయిస్తే నన్ను తిరిగి తీసుకుంటాడట. పటం కట్టించి హాల్లో పెడతాడట. వద్దన్నాను. ఇవాళ ఆ నీళ్ళు స్వచ్ఛమైనవి కావు. నా ఉద్యోగం కోసం నువ్వు రెండో అబద్ధం అచ్చెయ్యొద్దు, మొదటిదే ఎక్కువైంది.

నువ్వు వేసేదాంట్లో మనకి తెలిసింది మాత్రమే ఉండాలి. చేపలు ఎందుకు చచ్చాయో రాయి. యూనిట్ నడిచినప్పటి నీళ్ళు మంచివో కావో ఆ తొట్టి చెప్పలేదు, అది ఎటూ సాక్ష్యం కాదు. యూనిట్ ఆపేశాక వాగు ఎర్రబడింది, అది అందరి కళ్ళూ చూస్తున్నాయి. అంతే. నా మీద జాలిపడే మాటలు వద్దు. ఆశ్చర్యార్థకాలు తగ్గించు.

కట్టలు ఇంకెవరిచేతా పంపకు. నువ్వే రా. వచ్చేటప్పుడు ఆ బైండరు మడ్డి ఒక డబ్బానిండా తే, ఎండనివ్వకు.

బావ

*

ఆగస్టు 30

బామ్మర్దీ,

నువ్వు వచ్చివెళ్ళిన దగ్గర్నుంచి రాయడం కుదర్లేదు. ఆ రోజు కింది వీధిలో నువ్వు కాగితాలు పంచుతుంటే నేను దూరంగా నిలబడి చూశాను. బట్టలుతికే పెద్దావిడ నీ కాగితం చదివించుకుని, "మొదటిది విని రాయి విసిరాను. ఇప్పుడిది విని ఏం విసరమంటావురా అబ్బాయ్?" అంది. నువ్వు పోయాక ఆవిడ మా ఇంటికొచ్చి మీ అక్క చెయ్యి పట్టుకుని చూసింది. తన పొక్కుల చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది.

యూనిట్ నడపండి లేదా కార్ఖానా మూసెయ్యండి అని తనిఖీవాళ్ళు ఎర్రటి వాగు చూసి రాసిపోయారు. అప్పుడు యజమానికి నేను గుర్తొచ్చాను. ఒక షరతు మీద వెళ్ళాను. రోజూ పొద్దున కింది వీధివాళ్ళలో ఎవరో ఒకరు బకెట్టుతో వచ్చి నా గొట్టం దగ్గర నీళ్ళు పట్టుకుపోతారు. ఎవరొస్తారో నాకు ముందు తెలీదు. వాళ్ళు పెద్దావిడ వరండాలో తొట్టి పెట్టుకున్నారు. నీ మడ్డి వేసి, మీ అక్క ఏరి బతికించిన మొక్కలు నాటారు. ఈసారి ఎవరూ మట్టి వేయించలేదు. చేపల్లేకుండా ఉత్త నీళ్ళని వారాలపాటు చూస్తూ కూర్చోవడం వాళ్ళకి అలవాటు లేదు. "ఇందులో ఏముందని చూడాలి?" అని దారినపోయేవాళ్ళు నవ్వేవారు. పోయిన వారం గప్పీలు వదిలారు. ఈదాయి. పిల్లలు వాటికి పేర్లు పెట్టారు, ఒకదానికి నా పేరు. నేను ఒక్క రాత్రి కూడా సరిగ్గా పడుకోలేదు.

నిన్న పొద్దున రెండు చచ్చాయి.

కబురందగానే పరిగెత్తాను. వరండానిండా జనం. ఎవరి చేతిలోనూ రాయి లేదు. అందరూ నావైపు చూస్తున్నారు, అది రాయికంటే బరువు. "ముసలివయ్యాయేమో" అనొచ్చు. "మడ్డి కుదరలేదేమో" అనొచ్చు. నోటిదాకా వచ్చింది. మీ అక్క జనంలోనే ఉంది, నా మొహంలోకే చూస్తోంది. "నాకు తెలీదు, చూసి చెప్తాను" అన్నాను. బకెట్టులో మిగిలిన నీళ్ళు నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. ఎప్పుడూ ఉండేదానికంటే చాలా ఎక్కువ. యూనిట్‌కి వెళ్ళి చూస్తే, నేను లేని రాత్రి షిఫ్టులో పక్క కాలవ తలుపు కొంచెం తెరిచారని తేలింది, శుద్ధి కాని నీళ్ళు అందులోంచి వచ్చి నా గొట్టంలో కలిశాయి. ఎవరు తెరిచారో, ఎవరు తెరవమన్నారో ఇంకా తెలీదు. ఎన్నాళ్ళుగా తెరుస్తున్నారో, ఆ రెండేళ్ళలో కూడా తెరిచారో, అదీ తెలీదు. నేను గ్లాసులో పట్టి చూసుకున్నవన్నీ పగటి నీళ్ళే.

నిన్న మధ్యాహ్నం నేనే గొట్టం మూసేశాను. గొట్టం మూస్తే కార్ఖానా ఆగుతుంది, ఆగింది. యజమాని అరుపులు కింది వీధిదాకా వినపడ్డాయట. ఇవాళ నా ఉద్యోగం ఉందో లేదో నాకింకా చెప్పలేదు. పెద్దావిడ తొట్టిలో మంచినీళ్ళు కలిపారు, మిగిలినవి ఈదుతున్నాయి.

ఇది నువ్వు రాయాలి. తెలిసింది తెలిసినట్టు, తెలీనిది తెలీదనే. రాసి ముందు మీ అక్కకి పంపు. ఆవిడే అడిగింది, "వాడు రాసింది నేను చదివాకే అచ్చుకెళ్ళాలని చెప్పు" అంది. ఆవిడ సరేనన్నాక వెయ్యి.

ఈసారి ప్రత్యక్షసాక్షి అని వద్దు. కింద నా పేరు వెయ్యి.

నీ బావ